మర్రిపాడు తోడేళ్ళు, మా జోరీగ

ఆత్మకూరు బస్టాండులో నన్ను గుర్తుపట్టి పలకరించేవాళ్ళు ఇప్పటికీ ఒకటే ప్రశ్న వేస్తారు. "మేడం, ఎర్రచందనం దొంగల్ని ఎంతమందిని పట్టుకోని ఉంటారు మీరు?" అని. పట్టుకున్నవాళ్ళున్నారు, నా కళ్ళు గప్పి పోయినవాళ్ళు అంతకంటే ఎక్కువే ఉన్నారు. ఆ కథలు చెప్పడానికి మా శాఖలో మీసాలున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళనడగండి. నేను చెప్పేది తోడేళ్ళ సంగతి. అడవి ఉద్యోగంలో కొత్తగా చేరి, డ్రోన్ శిక్షణ అంటూ ఆకాశం వైపు చూస్తూ ఫొటోలు దిగుతున్న పిల్లలు దీన్ని కాస్త ఓపిక పట్టి చదవండి. యంత్రాల గురించి నాకు తెలిసింది తక్కువే. కానీ ఆ యంత్రంతో మేమెంత పెద్ద పొరపాటు చేశామో, ఆ పొరపాటులోంచి ఎలా బయటపడ్డామో నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు లేరు. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి. ఉద్యోగమంతా ఎండలో తిరిగినదాన్ని, ఆ మాత్రం గొప్ప చెప్పుకునే హక్కు నాకుంది.

మా పుట్టిల్లు చేజర్ల. వరిపొలాల మధ్య పెరిగినదాన్ని ఉద్యోగం చివర్లో తీసుకెళ్ళి మర్రిపాడు సెక్షన్ ఆఫీసరుగా వేశారు. అక్కడ వాన పడితే పంట, లేకపోతే గొర్రెలు. బద్వేలు వైపు పోయే లారీల దుమ్ము తప్ప ఆఫీసు ముందు కదిలేది ఏదీ ఉండేది కాదు. చుట్టూ గుట్టలు, తంగేడు, బలుసు పొదలు, వానాకాలం తప్ప నీళ్ళు కనపడని వంకలు. ఆ పొదల్లో తోడేళ్ళు మిగిలి ఉన్నాయా, ఉంటే ఎన్ని అని తేల్చాలని పైవాళ్ళు నిర్ణయించారు. దానికోసం ఒకరోజు మా ఆఫీసు డాబా మీద తెల్లటి పెట్టె ఒకటి బిగించారు. అచ్చం ఐస్‌క్రీం బండి పెట్టెలా ఉండేది. తెల్లవారుతుండగా దాని మూత దానంతటదే తెరుచుకునేది. లోపలి డ్రోన్ లేచి, ముందే నేర్పిన దారిలో గుట్టల మీద తిరిగి, మళ్ళీ వచ్చి ఆ పెట్టెలోనే కూర్చుని ఛార్జింగ్ పెట్టుకునేది. రిమోట్ పట్టుకునే మనిషితో పని లేదు. ఒంటి వేడిని పట్టి తెర మీద తెల్లగా చూపించే కెమెరా ఉండేది దానికి. పొద్దెక్కితే బండరాళ్ళు కూడా కాగి అన్నీ జంతువుల్లాగే కనపడతాయి కాబట్టి, ఆ చల్లని వేళలోనే దాని పని.

దానితోపాటు విశాఖ వైపు నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. మంచి పిల్లాడు, పనిలో పడితే తిండి కూడా గుర్తుండదు. నా కింద బీటు ఆఫీసరుది ఉదయగిరి. వాళ్ళ ఇంట్లో తాతల కాలం నుంచి చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుతారు. నోరు తెరిస్తే హాస్యం, పనికి మాత్రం ఎప్పుడూ ముందుండేవాడు. ఇంజనీరు ఆ డ్రోన్‌కి ఏదో నోరు తిరగని పేరు చెప్పేవాడు. గొర్రెలవాళ్ళు మాత్రం వచ్చిన వారంలోనే దానికి జోరీగ అని పేరు పెట్టేశారు. ఆ రొద విన్నవాళ్ళెవరూ అది తప్పు పేరనరు. కొన్నాళ్ళకు ఆఫీసులో మేం కూడా అలాగే అనడం మొదలుపెట్టాం.

మొదటి నెల జోరీగ ఇచ్చిన లెక్క చూసి మాకు మతిపోయింది. ఎటు చూసినా తోడేళ్ళే! ఇంజనీరు మొహం వెలిగిపోయింది. నెల్లూరు పెద్దాఫీసుకు పంపిద్దామని కూర్చుని ఆ వీడియోలు చూస్తుంటే, ఒక తోడేలు నేరుగా ఒక మనిషి దగ్గరికి వెళ్ళింది, అతను సద్దిమూటలోంచి ముద్ద విసిరాడు, అది తోక ఊపుకుంటూ తినింది.

"సార్, ఈ తోడేలు శానా మర్యాదస్తురాలు మాదిరి ఉండాదే" అన్నాడు బీటు ఆఫీసర్.

మంద కుక్కలన్నిటినీ తోడేళ్ళ కింద రాసేసింది మా జోరీగ. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత ఇంజనీరు పట్టుదలగా కూర్చుని దానికి కుక్కకీ తోడేలుకీ తేడా నేర్పాడు. అందులో భాగంగానే ఒక ఏర్పాటు చేశాడు. తోడేలని అనుమానం వస్తే చాలు, జోరీగ ఆ చోటి మీద గుండ్రంగా తిరిగి అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీయాలి. ఎంత తెలివైన ఏర్పాటో అని మేం మెచ్చుకున్నాం. మా కొంప ముంచింది అదే.

చలికాలంలో ఒక ఉదయం, మర్రిపాడు దాటాక లోపలున్న ఒక వంక గట్టున జోరీగ పెద్ద తోడేళ్ళ జంటను పట్టుకుంది. మర్నాడు మట్టి బొరియ నోటి దగ్గర చిన్న చిన్న తెల్లని చుక్కలు కదిలాయి. పిల్లలు! నాలుగు. వేలెడంత కనపడుతున్నాయి తెర మీద. ఇంజనీరు అప్పటికప్పుడు వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. ఆ సీమలో తోడేలు పిల్లల్ని చూశామని చెప్పినవాళ్ళు నా సర్వీసులో లేరు.

పైనుంచి వెంటనే ఆజ్ఞ వచ్చింది. ఆ చోటు ఎక్కడో మీ ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు అని. దానికి కారణముంది. తోడేలు బొరియ దొరికితే అక్కడి గొర్రెలవాళ్ళు దాని నోట్లో గడ్డి, ఎండుమిరపకాయలు కుక్కి నిప్పు పెడతారు. లోపలున్నవి లోపలే పోతాయి. వాళ్ళు దయలేని మనుషులు కారు. తోడేలు మందలో పడితే ఒక్కదాన్ని నోట కరుచుకుని పోయి ఊరుకోదు. మందే ఆస్తిగా బతికేవాడికి అది ఇల్లు కాలిపోవడంతో సమానం.

ఆ వంకకు దగ్గర్లోని పల్లెలో గొర్రెలున్న ఇళ్ళన్నిటికీ పెద్ద దిక్కుగా ఒక ఆవిడ ఉండేది. భర్త లేడు. నాకంటే కొంచెం పెద్దది, నేను అక్కా అనేదాన్ని. మాట కటువు, మనసులో ఏదీ దాచుకోదు. తన మందలో గొర్రెపిల్లలు పోయాయని ఒకసారి ఆఫీసుకు వచ్చింది.

"ఏమ్మా, తోడేళ్ళు తిరగతా ఉండాయా లేదా?" అని అడిగింది.

"తిరుగుతున్నాయక్కా. జాగ్రత్తగా ఉండండి" అన్నాను. ఆజ్ఞ ప్రకారం అంతకుమించి చెప్పకూడదు.

"జాగ్రత్త అంటే ఏంది? యాడికి పోకుండా ఉండాల్నో చెప్పు, పోం."

నేను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను. ఆమె నా మొహం వైపు కాసేపు చూసి వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు, మంచు ఇంకా విడవని ఒక పొద్దున ఇంజనీరు కేకేశాడు. "మేడం, ఇటొకసారి రండి! వంక దగ్గర మనుషులున్నారు!"

తెర మీద వరసగా తెల్లని ఆకారాలు. కొంచెం నడవడం, ఆగడం, తలెత్తి చూడడం, మళ్ళీ నడవడం. పైన జోరీగ బొరియ మీద గుండ్రంగా తిరుగుతోంది.

"ఎందుకలా ఆగి ఆగి నడుస్తున్నారు?" అన్నాడు ఇంజనీరు.

బీటు ఆఫీసర్ తెర మీదికి వంగి చూశాడు. "మేడం, వాళ్ళు మన జోరీగను పట్టుకోని వస్తా ఉండారు. అది తిరిగే చోటికే వస్తా ఉండారు."

అప్పుడు వెలిగింది మాకు. ఆ చోటు వివరాలకు కంప్యూటర్లో తాళాల మీద తాళాలు వేసి దాచాం. నాలుగో చెవిన పడకుండా గుసగుసలాడుకున్నాం. మా జోరీగేమో ప్రతి పొద్దునా ఊరంతా చూస్తుండగా ఆకాశంలో ఆ బొరియ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తోంది! గొర్రెలవాళ్ళు గుడ్డివాళ్ళా? పొద్దస్తమానం ఆకాశం కిందే బతికేవాళ్ళాయె. చదువుకున్న ముగ్గురం అక్కడ కూర్చుని ఒక్కరికీ ఆ ఆలోచన తట్టలేదంటే మమ్మల్ని ఏమనాలో మీరే అనండి.

"వెనక్కి పిలిచేస్తాను మేడం" అన్నాడు ఇంజనీరు ఏడుపు గొంతుతో.

"ఇప్పుడు పిలిచి ఏం లాభం నాయనా? దారి చూపించడం అయిపోయింది. నువ్వు ఇక్కడే ఉండి చూస్తుండు" అని, బీటు ఆఫీసర్‌ను తీసుకుని జీపెక్కాను. దారి పొడుగునా ఒకటే భయం. ఆ నాలుగు పిల్లలూ పొగలో పోతే అది మేం చేతులారా చేసిన పనే అవుతుంది.

మేం వెళ్ళేసరికి వాళ్ళు వంకలోకి దిగి ఉన్నారు. గోతాల్లో ఎండుమిరపకాయలు, చేతుల్లో గడ్డిమోపులు, పారలు. ముందు మా అక్క, తలకు తువాలు చుట్టుకుని. కుక్కలు బొరియ నోటి దగ్గర వాసన పట్టి మొరుగుతున్నాయి. నేను పరిగెత్తి బొరియకు అడ్డంగా నిలబడ్డాను.

"కేసవుతాది! అందరూ జైలుకు పోతారు!" అని అరిచాడు బీటు ఆఫీసర్.

"పెట్టుకో పో. జైల్లోనన్నా కంటినిండా నిద్ర పడతాది" అన్నాడు ఒక గొర్రెల కాపరి.

అక్క నా ముందుకొచ్చింది. "తప్పుకోమ్మా. నీ మీద నాకు కోపం లేదు. లేదు అంటే అబద్దం, ఉండాది. ఆ జోరీగ ఈడ ఎన్నాళ్ళుగా తిరగతా ఉండాది? ఇవి ఈడుండాయని నీకు తెలుసు. నేను నీ గడప తొక్కి అడిగినాను గదా, యాడికి పోకూడదో చెప్పమని! నువ్వు చెప్పలా. నేను ఈ వంకలోనే తోలినాను, నా పిల్లలు ఈడే పోయినాయి. వాటిని చంపింది తోడేలా, నువ్వా?"

చట్టం నా నాలుక చివరే ఉంది. కానీ ఆమె అడిగిన దానిలో తప్పేముంది? అంతలో ఫోన్ మోగింది.

"మేడం, వీడియో వెనక్కి తిప్పి చూశానండీ, పెద్దవి రెండూ బయటికి పోయాయి, బొరియలో పిల్లలే ఉన్నాయి. అవి ఇప్పుడు ఎక్కడా కనపడట్లేదు" అన్నాడు ఇంజనీరు.

ఆ మాట వినగానే నా చూపు కుక్కల మీద పడింది. పల్లెలోని మంద కుక్కలన్నీ అక్కడే ఉన్నాయి. "అక్కా, మీ జీవాలు యాడుండాయి?" అని అడిగాను. వాళ్ళతో మాట్లాడేటప్పుడు నాకూ ఆ మాటే వచ్చేస్తుంది.

"కంది చేను పక్కన బీడు నేలలో. మా మరిది ఉండాడు."

"కుక్కలు?"

ఆమె చుట్టూ చూసింది. ఎవరి కుక్కను వాళ్ళు తోడేలు మీదికి ఉసిగొల్పుదామని వెంట తెచ్చుకున్నారు. ఊళ్ళోని మందలన్నీ ఒక్కచోట చేర్చి, మోకాళ్ళ నొప్పులతో సరిగా నడవలేని ఆ ముసలి మరిదికి అప్పజెప్పి వచ్చారు. పొరపాటు చేసింది మేమొక్కళ్ళమే కాదన్నమాట.

"బాబూ, జోరీగను కంది చేను వైపు పంపించు, తొందరగా!" అన్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. అందరూ ఫోన్ చుట్టూ మూగారు. తల మీది రొద దూరమైపోయింది.

"మంద కనపడుతోంది మేడం. ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. అటు... అమ్మో! మేడం, తంగేడు పొదల్లో రెండున్నాయి! పొట్ట నేలకానించి పాకుతున్నాయి. మందకి దగ్గర్లోకి వచ్చేశాయి!"

అక్క చేతిలోంచి గోతం జారిపడింది. మిరపకాయలు ఇసుకలో చెల్లాచెదురయ్యాయి. ఆమెనూ ఇద్దరు మగవాళ్ళనూ జీపులోకి తోశాను. కుక్కల్ని కూడా ఎక్కించేశాం. ప్రభుత్వ జీపులో అన్ని కుక్కలు ఎక్కడం అదే మొదటిసారి అయ్యుంటుంది, ఒకటి నా ఒళ్ళోనే కూర్చుంది. మిగతావాళ్ళు అడ్డదారిన పరుగు. ఇంజనీరు ఫోన్లో అరుస్తున్నాడు. "మేడం, దీన్ని కిందికి దింపుతున్నాను. వాటి నెత్తి మీదికే దింపుతున్నాను!" యంత్రం పాడైతే తన ఉద్యోగానికే ముప్పని తెలుసు ఆ పిల్లాడికి. అయినా దింపాడు.

మేం బీడు చేరేసరికి జోరీగ పొదల మీద మనిషెత్తున రొద పెడుతోంది. తోడేళ్ళు రెండూ తలెత్తి దాన్నే చూస్తూ ఆగిపోయాయి. కుక్కలు జీపులోంచి దూకాయి. ఒక్క క్షణం, అంతే, బూడిదరంగు ఒళ్ళు రెండు గుట్ట వైపు సాగిపోయాయి. ముసలాయన అప్పుడు లేచి, "ఏందిరా ఈ గోల?" అన్నాడు. ఆయనకు ఏం తప్పిందో ఆయనకే తెలియదు.

ఒక్క జీవం కూడా పోలేదు. అక్క మందలోకి వెళ్ళి, పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ పట్టుకుని తడిమి తడిమి చూసింది. తర్వాత నేల మీద కూలబడి ఏడ్చింది. నేనూ పక్కనే కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పినావు గదమ్మా, అట్టా ముందే చెప్పుంటే ఏమయ్యేది?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

అక్కడికక్కడే ఒక నిర్ణయం తీసుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

"ఈరోజు నుంచి రోజూ చెప్తానక్కా. జోరీగ యాడ గుండ్రంగా తిరిగితే ఆడ తోడేలు ఉన్నట్టు. అటు జీవాల్ని తోలబాకండి. మీరు మాత్రం ఆ బొరియ జోలికి రాకూడదు. పిల్లలు పెరిగి వెళ్ళిపోయేదాకా ఒక్క మిరపకాయ కూడా కాలకూడదు. నాకు మాటివ్వు."

మగవాళ్ళు ఆమె మొహమే చూస్తున్నారు.

"నువ్వు చెప్తే మేం రాం. దాస్తే మేమే ఎతుక్కుంటాం" అంది.

ఇంజనీరు ఆ వారమే జోరీగకు కొత్తగా నేర్పాడు. చిన్నగా తిరిగేది కాస్తా దూరం నుంచి కూడా కనపడేలా పెద్ద చుట్టు తిరగడం మొదలుపెట్టింది. బీటు ఆఫీసర్ ప్రతి పొద్దునా పల్లెకు ఫోన్ చేసి ఎటు పోకూడదో చెప్పేవాడు. పెద్దాఫీసు నుంచి నాకు పిలుపొచ్చింది. మా పై అధికారి చెడ్డవాడు కాదు, ఆయన భయమంతా ఆ జంతువుల గురించే.

"ఎవరినడిగి చెప్పారమ్మా?" అన్నాడు.

"ఆకాశంలో తిరిగేదాన్ని దాచడం నాకు చేతకాలేదు సార్" అన్నాను.

ఆయన కలం పక్కన పెట్టి, "ఆ పిల్లల్లో ఒక్కటి చచ్చినా బాధ్యత మీదే. రిటైరయ్యే ముందు మీకిది అవసరమా?" అన్నాడు. అవసరమేనన్నాను.

పిల్లలు బొరియ దాటి బయట తిరిగే వయసుకు వచ్చాయి. అసలు గండం అప్పుడే. ఇక లోపల దాక్కోవు, పారిపోయేంత బలం కాళ్ళకూ ఉండదు. సరిగ్గా ఆ సమయంలో ఒకరోజు విపరీతంగా గాలి లేచి, జోరీగ కరెంటు తీగలకు తగిలి రెక్క విరిగి పడింది. కొత్త రెక్క రావాలంటే ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. మా బీటు ఆఫీసర్ ఉదయగిరి వెళ్ళి, వాళ్ళ నాయన చేత అచ్చం అలాంటి రెక్కే చెక్కతో చెక్కించుకొచ్చాడు. నున్నగా, ఎంత అందంగా ఉందో! ఇంజనీరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చాలా బాగుందండీ, కానీ దీంతో లేస్తే డాబా మీదే కూలుతుంది" అన్నాడు. దాన్ని ఆఫీసు గోడకు తగిలించాం.

జోరీగ పడిపోయిన మర్నాడు పొద్దున్నే వంక దగ్గరికి బయలుదేరాను. బీటు ఆఫీసర్ కూడా వచ్చాడు. చూపించేది లేకపోతే వాళ్ళ మాట ఎంతవరకు నిలుస్తుందోనని నా అనుమానం. జీపు దూరంగా ఆపి నడుస్తుంటే, పెద్ద మంద ఒకటి నేరుగా ఆ వంక వైపే వస్తోంది.

అంతలో గట్టు మీది బండ పైన ఎవరో లేచి నిలబడి తువాలు ఊపారు. ముందు నడిచే కాపరి చూశాడు, మందను అడ్డంగా మళ్ళించుకుని గుట్ట వెనక నుంచి చుట్టు దారిన పోయాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే మా అక్క. కంబళి కప్పుకుని, పక్కన సద్దిమూట పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏందక్కా, ఈడ కూచున్నావ్?"

"జోరీగ రాలా గదమ్మా. ఎవరో ఒకరం కూచోవద్దా? వంతులేసుకున్నాం. ఇయ్యాల నాది."

ఎవరూ అడగలేదు వాళ్ళని. ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టింది. "అరవబాకండి. అటు చూడండి" అంది గుసగుసగా.

వంక అవతల ఎండ పొడలో నాలుగు తోడేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. అన్నాళ్ళూ తెర మీద తెల్లని చుక్కలుగా చూసినవాటిని నేను కళ్ళారా చూడడం అదే మొదలు. మట్టిరంగు బొచ్చు, పెద్ద పెద్ద చెవులు. ఒకటి తన తోకనే పట్టుకోబోయి బోర్లా పడింది. బీటు ఆఫీసర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నా కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

"ముద్దొస్తా ఉండాయి గదా, దొంగముండలు" అంది అక్క.

అంతలో ఆమె ఫోన్ వణికింది. గుట్ట అవతల నుంచి ఇంకో మంద బయలుదేరిందట. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"ఇటు రాబాకరా. చుట్టు తిరిగి తోలుకోని పో. ఈడ పిల్లలు ఆడుకుంటా ఉండాయి."